మేత యంత్రానికి ఏ తల స్క్రూ వెయ్యాలి? ప్లస్, ఎలెన్, హెక్స్, టార్క్స్... ఏది ఎక్కడ?

చెరువుగట్టు
పాలకొల్లు దగ్గర మాకు నాలుగెకరాల వనామీ రొయ్యల చెరువుంది. మేత చల్లే యంత్రం ఒకటి సొంతంగా కట్టుకున్నాను. పైన మేత డబ్బా, దాని కింద గేరు మోటారు, మేతను చుట్టూ విసిరే పళ్లెం, పక్కన కంట్రోల్ బాక్సు. యంత్రం బాగానే తిరుగుతోంది. బాధంతా స్క్రూలతోనే. షాపులో ప్లస్ తలవి దొరికాయని అన్ని చోట్లా అవే వేశాను. మూడు నెలల తర్వాత మోటారు విప్పబోతే పదహారింటిలో ఏడు స్క్రూలకు తల అరిగిపోయింది. స్క్రూడ్రైవరు ఉత్తినే తిరుగుతోంది. రెండింటిని డ్రిల్లుతో తొలిచి తీశాం. ఆ రోజు రెండు పూటలూ మేత చేత్తోనే చల్లాల్సొచ్చింది.
ఇప్పుడు రెండో యంత్రం మొదలెడుతున్నాను. ఈసారి అన్నిటికీ ఒకే రకం తల వేస్తే ఒకే పనిముట్టుతో గడిచిపోతుందని ఆశ. తలలో ఆరు పలకల గుంట ఉండే ఎలెన్ వెయ్యనా, తలే ఆరు పలకలుగా ఉండి పానాతో తిప్పే హెక్స్ వెయ్యనా? వీడియోల్లో అందరూ నక్షత్రం ఆకారపు గుంట ఉండే టార్క్స్ అంటున్నారు.

కాకినాడ_సీఎన్సీ
అన్నీ ఎలెన్ కేప్ బోల్టులు (గుండ్రటి ఎత్తు తలవి) వేసేయండి. ఆరు పలకల గుంటలో కీ దిగితే ఇక జారదు. పక్కన పానా తిప్పే చోటు కూడా అక్కర్లేదు. మా మెషీన్ల మీద ప్లస్ స్క్రూ వెతికినా కనబడదు. నల్లవి, 12.9 గ్రేడువి తీసుకోండి. బలంలో వాటికి తిరుగులేదు.

ఏరేటర్ల_డ్యూటీ
రాత్రి రెండింటికి యంత్రం ఆగితే గట్టు మీద 5 మి.మీ. ఎలెన్ కీ ఎవరి దగ్గరుంటుందండీ? 10, 13 పానాలు మాత్రం ప్రతి షెడ్డులోనూ ఉంటాయి. నా ఓటు హెక్స్‌కే.

అంతర్వేది_బోటు
సీఎన్సీ గారూ, నల్లవి చెరువు మీద వద్దండి. ఆ నలుపు చాలా పల్చటి పొర. దాని మీద నూనె తడి ఉన్నంతకాలమే కాపలా. మా దగ్గర ఉప్పు గాలికి వారం తిరక్కుండా ఎర్రబడతాయి.

లేతు_మాస్టారు
చెరువుగట్టు తమ్ముడూ, ముందు నాలుగు విషయాలు చెప్పు. స్క్రూ సైజెంత? దేనిలోకి బిగించావు, ఆ రేకు మందం ఎంత? ఏ స్క్రూడ్రైవరు వాడావు? ఏ స్క్రూ ఎన్నాళ్లకోసారి విప్పుతావు? ఇవి తెలియకుండా ఏ తల మంచిదో చెప్పలేం.

చెరువుగట్టు
అన్నీ ఎం5 (5 మి.మీ. లావువి), తెల్ల జింకు పూతవి మాస్టారూ. డబ్బా 1.5 మి.మీ. స్టీలు రేకు, దాన్నే మరకొట్టి అందులోకి బిగించాను. మోటారు ప్లేటు 6 మి.మీ. ఎమ్మెస్ (మామూలు మెత్తటి ఉక్కు). కంట్రోల్ బాక్సు ప్లాస్టిక్. స్క్రూడ్రైవరు ఇంట్లో పాతది, సైజు తెలియదు. డబ్బా మూత రోజూ తీస్తాం. మోటారు రెండు మూడు నెలలకోసారి. బాక్సు ఎప్పుడో గానీ తెరవం.

లేతు_మాస్టారు
నీ సమాధానంలోనే సగం రోగం బయటపడింది.
ప్లస్ తలలో సైజులున్నాయి. ఎం3కి 1వ నంబరు బిట్టు, ఎం4, ఎం5లకు 2వది, ఎం6కి 3వది. 2 వెయ్యాల్సిన చోట 1 వేస్తే మొన మాత్రమే అడుగున ఆనుతుంది, రెక్కలు గోడలకు పూర్తిగా తగలవు. పైగా ప్లస్ గుంట గోడలు ఏటవాలుగా ఉంటాయి. తిప్పేకొద్దీ బిట్టును అదే పైకి నెట్టేస్తుంది. అందుకే తిప్పే బలం కన్నా నొక్కే బలం ఎక్కువుండాలి. చేత్తో బిగించేటప్పుడు ఆ తేడా తెలియదు. తుప్పు పట్టాక విప్పేటప్పుడు తెలుస్తుంది, అప్పటికి తల పోయి ఉంటుంది.
రెండోది. ఎం5కి మర అంతరం 0.8 మి.మీ. నీ 1.5 రేకులో రెండు మరలు కూడా నిండుగా పట్టవు. ఏ తల వేసినా అక్కడ స్క్రూ నిలవదు. రేకుకి రివెట్ నట్టు (రేకు రంధ్రంలో బిగుసుకుపోయే, లోపల మర ఉన్న గొట్టం) వెయ్యి, లేదా వెనక నట్టు పెట్టు.

వశిష్ఠ_బైకులు
ప్లస్ గురించి ఒక మాట కలుపుతాను. ప్లస్‌లా కనబడేవన్నీ ఒకటే ప్లస్ కాదు. జపాన్ బైకుల కార్బురేటర్ల మీద, నాటు యంత్రాల ఇంజన్ల మీద ఉండేది జేఐఎస్ రకం, అంటే జపాన్ ప్రమాణం. తల మీద ఒక పక్కన చిన్న చుక్క ఉంటే అదే. మామూలు ప్లస్ బిట్టు, అంటే ఫిలిప్స్ బిట్టు, అందులో పూర్తిగా కిందికి దిగదు, కాస్త పైనే ఆగిపోతుంది. గట్టిగా తిప్పామా, తల పోయినట్టే. జేఐఎస్ బిట్టు తెప్పించుకున్నాక నా షాపులో డ్రిల్లు పెట్టి తీసే పని సగానికి సగం తగ్గింది. ఆ బిట్టు మామూలు ప్లస్‌లోనూ బాగానే కూర్చుంటుంది.

రైసుమిల్లు_ఫిట్టరు
ఇన్నేళ్లూ స్క్రూలు నాసిరకం అనుకుంటున్నాను. చుక్క సంగతి ఈ రోజే విన్నాను. రేపు మిల్లులో చూస్తాను.

గౌతమి_రోబో
ప్లస్ జారిపోవడం తప్పు కాదని, కావాలనే అలా చేశారని మా సార్ చెప్పారు. ఎక్కువ బిగించి మర పాడు చెయ్యకుండా బిట్టు దానంతటదే బయటికొచ్చేస్తుందట.

లేతు_మాస్టారు
ఆ మాట చాలామంది చెబుతారు బాబూ. అమెరికాలోని పోర్ట్‌లాండ్ వాసి హెన్రీ ఫిలిప్స్, జాన్ థాంప్సన్ అనే ఆయన ఆలోచన కొనుక్కుని, మెరుగుపరిచి, 1936లో పేటెంట్లు పొందాడు. కార్ల కంపెనీలకు నచ్చింది ఏమిటంటే, మరతో నడిచే డ్రైవరును గుంట మీద ఆనిస్తే చాలు, మొన దానంతటదే మధ్యకి చేరుతుంది. పాత మైనస్ గాడిలో అలా కుదరదు, పక్కకి జారి రంగు గీసేస్తుంది. ముందుగా కాడిలాక్ కార్లలో వాడారు. జారిపోవడాన్ని గుణంగా చెప్పుకోవడం ఆ తర్వాత వచ్చిన పేటెంట్లలో కనబడుతుంది. ఏదైతేనేం, చేత్తో విప్పే మనకు అది నష్టమే.
కెనడాలో రాబర్ట్‌సన్ అంతకు ముందే, 1908లో, చదరపు గుంట తల తెచ్చాడు. అది జారదు. కానీ మన ఊళ్ళలో బిట్టు దొరకదు.

కొబ్బరిపీచు
అంబాజీపేట దగ్గర మాది పీచు తీసే యూనిట్. అన్నీ ఒకే తల అన్న ఆశ మొదట్లో నాకూ ఉండేది. రక్షణ రేకులకు కూడా ఎలెనే వేయించాను. తడి పీచు, పొట్టు ఆ గుంటల్లోకి పోయి, ఎండి సిమెంటులా గట్టిపడ్డాయి. కీ దిగదు. ఒక్కో గుంటనీ మేకుతో గీకి, ఆ తర్వాత బోల్టు తియ్యాలి. పన్నెండు బోల్టులకు గంట పట్టేది. ఆడపిల్లలు విసిగిపోయి రక్షణ రేకు తీసి పక్కన పెట్టి పనిచెయ్యడం మొదలెట్టారు. అది చూసిన రోజు నాకు నిద్ర పట్టలేదు. మర్నాడే అన్నీ హెక్స్ ఫ్లాంజి బోల్టులు (తల కింద వాషరులా వెడల్పు అంచు ఉండేవి) చేయించాను. ఇప్పుడు రేకు ఎవరూ పక్కన పెట్టరు, రెండు నిమిషాల్లో తీసి రెండు నిమిషాల్లో పెట్టేస్తారు.
మీ రొయ్యల మేత కూడా పొడి, నూనె కలిసినదే కదా. తేమ తగిలితే ఇంకా త్వరగా పట్టేస్తుంది.

ఏరేటర్ల_డ్యూటీ
అక్క చెప్పింది నూటికి నూరు పాళ్లు నిజం. మేత పొడి గుంటలో పడితే అట్టు పెనానికి అంటుకున్నట్టే.

కాకినాడ_సీఎన్సీ
ఒప్పుకుంటున్నాను, మా దగ్గర షాపు లోపల ఏసీ, శుభ్రం. చెరువు నా లెక్కలో లేదు. కానీ మోటారు బోల్టుల దగ్గర గేరు బాక్సు అడ్డం ఉంటే పానా ఎలా తిప్పుతారు? హెక్స్ తల ఒక్కో పట్టుకు 60 డిగ్రీలు తిరగాలి.

లేతు_మాస్టారు
సాదా పానా నోరు 15 డిగ్రీలు వంకరగా ఉంటుంది, ఎప్పుడైనా గమనించారా? ఒకసారి తిప్పి, పానాను తిరగేసి మళ్ళీ పట్టుకుంటే 30 డిగ్రీల చోటులోనే పని జరుగుతుంది. అంత చోటు కూడా లేకపోతే మాత్రం మీ మాటే సరి, అక్కడ కేప్ ఎలెన్ తప్పదు. గుంటలోకి పొడి పోకుండా గ్రీజు నింపెయ్యండి. విప్పేటప్పుడు పుల్లతో గ్రీజు తోడేస్తే గుంట కొత్తదానిలా ఉంటుంది.

అంతర్వేది_బోటు
గ్రీజు నింపడం మా బోటు ఇంజన్లకు పాత అలవాటే. ప్లాస్టిక్ టోపీలు కూడా దొరుకుతాయి, కానీ గాలికి ఊడిపోతాయి. గ్రీజే మేలు.
స్టెయిన్‌లెస్ వేస్తున్నావా తమ్ముడూ? చెరువు నీళ్లలో ఉప్పుంటే జింకు పూత ఎక్కువ కాలం ఆగదు.

చెరువుగట్టు
స్టెయిన్‌లెస్సే అనుకుంటున్నాను అన్నయ్యా. షాపాయన అయస్కాంతం పెట్టి చూపించాడు, అంటుకోలేదు. 304 అని ఇచ్చాడు.

అంతర్వేది_బోటు
ఆ పరీక్షను నమ్మకు. 202 అనే చవక రకానికి కూడా అయస్కాంతం అంటదు. అసలు 304 బోల్టుకు, చల్లగా నొక్కి తల చేస్తారు కాబట్టి, ఒక్కోసారి కాస్త అంటుకుంటుంది కూడా. తల మీద ఏ2-70 అని అచ్చు, పక్కన తయారీదారు గుర్తు ఉన్నాయేమో చూడు. ఏ2 అంటే 304 జాతి. ఏ4 అంటే 316 జాతి, ఉప్పుకు అది ఇంకా ఆగుతుంది. నీళ్లకు తగిలే చోట ఏ4 వెయ్యి, మిగతా చోట్ల ఏ2 చాలు.

రైసుమిల్లు_ఫిట్టరు
స్టెయిన్‌లెస్ బోల్టుకు స్టెయిన్‌లెస్ నట్టు వేసి డ్రిల్లుతో జోరుగా తిప్పితే సగంలో పట్టేస్తుంది. తుప్పు కాదు, లోహానికి లోహం అతుక్కుపోతుంది. ముందుకీ రాదు, వెనక్కీ పోదు, చివరికి విరగ్గొట్టాలి. నేను ఎం8లు నాలుగు అలా పోగొట్టుకున్నాను. మరలకు అతుక్కోకుండా కాచే యాంటీ సీజ్ పేస్టు కొంచెం రాసి చేత్తో బిగించాలి. నైలాక్ నట్టయితే (లోపల నైలాన్ రింగు ఉండేది) మరీ జాగ్రత్త, ఆత్రేయపురం పూతరేకు విప్పినంత నెమ్మదిగా తిప్పాలి.

కొబ్బరిపీచు
పూతరేకుల మాటెత్తారు, ఇప్పుడు ఎక్కడ తెమ్మంటారు?

గౌతమి_రోబో
మా కాలేజీ రోబోకు అన్నీ బటన్ తల (గుండ్రటి పల్చటి తల) ఎలెన్లు వేశాం, చూడ్డానికి అందంగా ఉంటాయని. పోటీకి ముందు రోజు ఎనిమిది గుంటలు గుండ్రంగా అరిగిపోయాయి. మంచి కీయే వాడాం. కారణమేంటి?

కాకినాడ_సీఎన్సీ
బటన్ తలకు కీ ఒక సైజు చిన్నది పడుతుంది. ఎం6 కేప్ తలకు 5 మి.మీ. కీ, అదే ఎం6 బటన్‌కు 4 మి.మీ. కీ. కీ మోయగల మెలిక బలం దాని సైజు ఘనాన్ని బట్టి మారుతుంది. 5 ఘనం 125, 4 ఘనం 64. అంటే దాదాపు సగానికి పడిపోయింది. గుంట లోతు కూడా తక్కువ. బటన్ తల బట్ట తగిలే చోట, చెయ్యి తగిలే చోట మూతలకు బాగుంటుంది. బరువు మోసే చోట వెయ్యకూడదు.
మీ కీల సెట్టు అంగుళాలదా, మిల్లీమీటర్లదా? 3/16 అంగుళాల కీ అంటే 4.76 మి.మీ. అది 5 మి.మీ. గుంటలోకి హాయిగా దిగుతుంది, తిప్పగానే మూలలు కొరికేస్తుంది. రెండు సెట్లు ఒకే డబ్బాలో కలిపెయ్యకండి. ఇంకోటి, బంతి మొన కీతో చివరి బిగింపు చెయ్యకూడదు. అది స్క్రూను వేగంగా దింపడానికి, అంతే.

గౌతమి_రోబో
రెండు సెట్లూ ఒకే సంచిలో ఉన్నాయి సార్. ఇప్పుడే వేరు చేస్తున్నాను.

చెరువుగట్టు
పళ్లెం మీద తలలు పైకి పొడుచుకొస్తే మేత తగిలి చితికిపోతోంది. అక్కడ రేకులో కలిసిపోయే సీఎస్‌కే తలలు వేద్దామనుకుంటున్నాను. పళ్లెం 2 మి.మీ. రేకు.

లేతు_మాస్టారు
2 మి.మీ. రేకులో ఎం5 సీఎస్‌కే కూర్చోదు నాయనా. ఆ తల మందమే దాదాపు 3 మి.మీ. రంధ్రం అంచు కత్తిలా పల్చబడి, తల రేకు దాటి కిందికి పోయి అడుగున బోసుకు (పళ్లేన్ని ఇరుసుకు పట్టించే దిమ్మకు) తగులుతుంది. స్క్రూ బిగిసినట్టే ఉంటుంది, రేకు మాత్రం వదులుగా ఆడుతుంది. రెండు దారులున్నాయి. పళ్లెం మధ్యలో 4 మి.మీ. బిళ్ళ వెల్డింగ్ చేయించి అందులో సీఎస్‌కే వెయ్యి. లేదా మేత పడని చోటికి స్క్రూలు జరిపి, పల్చటి బటన్ తలలు వెయ్యి. అక్కడ బరువు లేదు కాబట్టి బటన్ చాలు.
సీఎస్‌కేకి గుంట మామూలు డ్రిల్లు బిట్టుతో చెయ్యొద్దు. మెట్రిక్ తల కోణం 90 డిగ్రీలు, మామూలు బిట్టు మొన 118. తల గుంట గోడలకు నిండుగా ఆనదు, అడుగున రంధ్రం అంచు మీదే ఆనుతుంది. 90 డిగ్రీల కౌంటర్‌సింక్ బిట్టు కొనుక్కో. రంధ్రాలు ఖచ్చితంగా ఎదురెదురు పడాలి, ఎందుకంటే సీఎస్‌కే తల తన చోటికి తానే లాక్కుంటుంది, పక్కకి సర్దుకునే వీలివ్వదు.
పళ్లెం బోసును మోటారు ఇరుసుకు పట్టించే గ్రబ్ స్క్రూ (తల లేని స్క్రూ) కింద ఇరుసు మీద చదును చెక్కించావా? లేకపోతే అది జారి ఇరుసు గీతలు పడి, బోసు ఎప్పటికీ ఊడిరాదు.

చెరువుగట్టు
చెక్కించలేదు మాస్టారూ. ఊడిరాకపోవడానికి అదేనా కారణం! గొడ్డలి వెనక భాగంతో కొట్టి తీశాం.

లేతు_మాస్టారు
మోటారు బేరింగులు ఏమనుకున్నాయో పాపం. చదును ఈసారి తప్పకుండా చెయ్యి.

కాకినాడ_సీఎన్సీ
టార్క్స్ మాటేమిటి, ఎవరూ చెప్పలేదు. 1967లో వచ్చింది. గోడలు నిటారుగా ఉంటాయి, బిట్టును పైకి నెట్టవు. బలం బాగా అందుతుంది. తలల్లో నాకు అన్నిటికన్నా నచ్చేది అదే.

వశిష్ఠ_బైకులు
నచ్చుతుంది గానీ, రాజమండ్రిలో షాపుకెళ్ళి "స్టార్ బిట్టు" అడిగితే ప్లస్ ఇచ్చారు. మన వైపు ప్లస్‌నే స్టార్ అంటారు. "ఆరు మూలల స్టార్" అంటే ఎలెన్ తెచ్చారు. చివరికి స్క్రూ జేబులో పెట్టుకుని తీసుకెళ్ళాల్సొచ్చింది. ఎం5కి టీ25, ఎం6కి టీ30 అని నంబరు చెప్పి అడగండి, అదొక్కటే మార్గం.

ఏరేటర్ల_డ్యూటీ
నంబరు గుర్తుపెట్టుకుని, టౌనుకెళ్ళి, కొనుక్కొచ్చేలోపు రొయ్య ఆకలితో ఉంటుంది.

కొబ్బరిపీచు
ఆ మాట తీసిపారెయ్యొద్దు. యంత్రం కట్టేది మీరు. విప్పేది గట్టు మీద పనిచేసే మనిషి, చీకట్లో, తడి చేతులతో. ఆ మనిషి చేతిలో ఏ పనిముట్టుంటే ఆ తల వెయ్యాలి. రోజూ తీసే మూతకు అసలు పనిముట్టే ఉండకూడదు. రెక్కల నట్టు పెట్టండి, వేళ్ళతో తీసుకుంటారు.

చెరువుగట్టు
అక్కా, ఈ మాట రాసి షెడ్డులో అతికించుకుంటాను. యంత్రం దగ్గర రాత్రి ఉండేది మా బాబాయ్. ఆయనకు పానాలే తెలుసు.
కంట్రోల్ బాక్సు ఒక్కటి మిగిలింది. ప్లాస్టిక్‌కు స్క్రూ వదులవుతోంది. మర వదులవకుండా పట్టే జిగురు, లాక్‌టైట్ వెయ్యనా?

గౌతమి_రోబో
ప్లాస్టిక్ మీద వద్దు! మా ఏబీఎస్ ప్లాస్టిక్ బాక్సు దానివల్లే పగుళ్లిచ్చింది. లోపల మర ఉన్న ఇత్తడి ఇన్సర్టులు వేడి చేసి ప్లాస్టిక్‌లోకి దించండి. వాటిలోకి ఎం4 పాన్ తల వేస్తే ఎన్నిసార్లు విప్పినా మర పోదు. తల కింద అడ్డంగా చదును ఎక్కువుంటుంది కాబట్టి ప్లాస్టిక్ నలగదు. సీఎస్‌కే వేస్తే చీల దిగినట్టు బాక్సును చీలుస్తుంది.

లేతు_మాస్టారు
చక్కగా చెప్పావు బాబూ. అక్కడ ప్లస్ తలైనా పర్వాలేదు. బిగింపు తక్కువ, లోపల పొడిగా ఉంటుంది, 2వ నంబరు బిట్టు సరిగ్గా కూర్చుంటుంది. ప్లస్ చెడ్డదేమీ కాదు, దాన్ని చెరువు గాలికి పెట్టడమే తప్పు.

చెరువుగట్టు
అయితే ఇలా చేస్తున్నాను. మూతకు ఎం6 రెక్కల నట్లు. డబ్బాకు, మోటారుకు, స్టాండుకు అన్నీ ఎం6 హెక్స్ ఫ్లాంజి, 10 పానాతో. గేరు బాక్సు వెనక చోటు లేని రెండింటికే ఎలెన్ కేప్, గుంటలో గ్రీజు. పళ్లెం మధ్యలో బిళ్ళ వేసి ఎం5 సీఎస్‌కే. బాక్సుకు ఇన్సర్టులు, ఎం4 పాన్. స్టెయిన్‌లెస్ ఏ2-70, నీళ్ల వైపు ఏ4.

రైసుమిల్లు_ఫిట్టరు
స్టెయిన్‌లెస్ ఎం6ని 8.8 గ్రేడు ఉక్కు బోల్టులా బిగించకు. 8.8కి దాదాపు 10 న్యూటన్ మీటర్లు పడుతుంది, ఏ2-70కి 7 దగ్గర ఆపు. పొట్టి పానా వాడితే చాలు, దానికి పైపు తొడగొద్దు.

అంతర్వేది_బోటు
కంట్రోల్ బాక్సు బ్రాకెట్టు అల్యూమినియమైతే స్టెయిన్‌లెస్ తల కింద నైలాన్ వాషరు వెయ్యి. లేకపోతే ఉప్పు తడికి తల చుట్టూ అల్యూమినియం తెల్లటి పొడిగా రాలిపోతుంది.

చెరువుగట్టు
ఆరు వారాలైంది, సంగతి చెబుదామని వచ్చాను. మొన్న రాత్రి కొత్త యంత్రం మోటారు బెల్టు తెగింది. నేను ఊళ్ళో లేను. బాబాయ్ ఒక్కడే ఫోను లైటు నోట్లో పెట్టుకుని మోటారు దింపి, బెల్టు మార్చి, మళ్ళీ ఎక్కించాడు. పావుగంట పట్టిందట. ఎలెన్ రెండూ విప్పే అవసరమే రాలేదు, మోటారు ప్లేటుతో సహా దిగింది. పొద్దున మేత టైముకి పడింది.

ఏరేటర్ల_డ్యూటీ
ఆయ్! బాబాయ్‌కి మా అందరి తరఫున కాఫీ. ఆ ప్లేటు కొలతలు పెట్టు తమ్ముడూ, మా చెరువుకీ ఒకటి కట్టాలి.

చెరువుగట్టు
రేపు కొలిచి బొమ్మ గీసి పెడతాను. ఎం6కి రంధ్రాలు 6.6 వేశాను. బెల్టు బిగువు సర్దుకోవడానికి మోటారు వైపు రెండు రంధ్రాలు పొడుగ్గా సాగదీశాను, వాటి మీద మాత్రం ఫ్లాంజి కింద వెడల్పాటి వాషరు తప్పనిసరి.